పొదుపు బ్యాంకుల ఋణపత్రములు – వాని పరపతి శ్రేణులు

"ప్రభుత్వమువారి బ్యాంకు అప్పు పుచ్చుకొన్నచో దానికి మరియొకరు మార్కులు వేయవలసిన పని యేమి? ప్రభుత్వము అప్పు ఎగవేయునా?" పదవ తరగతిలో ద్రవ్యము, పరపతి అను పాఠము నడుచుచుండగా ఒక విద్యార్థి యడిగిన ప్రశ్న యిది. ప్రశ్న చిన్నదే గాని దాని సమాధానము నలువది నిమిషముల గంటలో ఇమిడెడిది కాదు. యూరపుఖండమున ఇదే ప్రశ్న పెద్దపెద్ద మంత్రులను, న్యాయాధిపతులను, బ్యాంకు యజమానులను ఇరువది సంవత్సరములు వేధించినది. కావున దానిని మన పాఠశాల పత్రికయందు కొంచెము విస్తరించి వ్రాయుచున్నాను. తలిదండ్రులు కూడ దీనిని చదివినయెడల వారికిని కొంత ప్రయోజనము కలుగవచ్చును.

ముందుగా ఋణపత్రమనగా నేమో తెలిసికొనవలెను. మన గ్రామములలో అప్పు పుట్టు విధము అందరెరిగినదే. రైతు షావుకారునకు ప్రామిసరీ నోటు వ్రాసి యిచ్చును. అందు అసలు, వడ్డీ, తేదీ యుండును. కాని షావుకారు నోటును చూచి అప్పీయడు, మనుష్యుని చూచి యిచ్చును. వాని పొలమెంత, పంట యెట్లున్నది, వెనుకటి బాకీ సక్రమముగా తీర్చెనా, పూచీ యెవరు పడుదురు అని విచారించును. పూచీపడువాడు గట్టివాడైనచో వడ్డీ ఒక పావలా తగ్గును. ఋణపత్రము, అనగా బాండు, ఇట్టి నోటే. భేదము రెండు విషయములందు కలదు. ఒకటి, అప్పు పుచ్చుకొనువాడు ఒక్కనియొద్ద గాక వేలకొలది జనులయొద్ద ఒకే షరతులపై పుచ్చుకొనును. రెండవది, పత్రమును కొన్నవాడు గడువు తీరకమునుపే దానిని వేరొకనికి అమ్ముకొనవచ్చును. ఇందువలన ఒక చిక్కు పుట్టుచున్నది. అప్పిచ్చువాడు టోకియోలోను, పుచ్చుకొనువాడు మ్యూనిక్‌లోను ఉన్నచో మనుష్యుని చూచుట యెట్లు? ఆ లోటును తీర్చుటకు పుట్టినదే పరపతి శ్రేణి. దానినే వ్యవహారమున రేటింగు అందురు.

దీని చరిత్ర అమెరికాదేశమున ఆరంభమైనది. 1837వ సంవత్సరమున అచట గొప్ప ధనసంక్షోభము కలిగి వర్తకులనేకులు దివాలా తీసిరి. అట్లు చెడిన వారిలో న్యూయార్కున పట్టువస్త్రముల వ్యాపారము చేయుచుండిన లూయిస్ టాపన్ ఒకడు. అరువు పుచ్చుకొన్న దూరపు వర్తకుల యోగ్యత తెలియకపోవుటయే తన నష్టమునకు మూలమని గ్రహించి, 1841లో ఊరూర విలేఖరులను నియమించి వర్తకుల పరపతినిగూర్చి సమాచారము సేకరించి అమ్ము సంస్థ నొకదానిని స్థాపించెను. అటుపిమ్మట 1860లో హెన్రీ వార్నమ్ పూర్ రైలుమార్గముల లెక్కలను గ్రంథముగా ప్రకటించెను. 1909లో జాన్ మూడీ యను నతడు రైలు కంపెనీల ఋణపత్రములకు అక్షరములతో తరగతు లేర్పరచెను. 1924లో ఫిచ్ సంస్థ మూడు 'ఏ'ల నుండి 'డి' వరకు గల క్రమమును ప్రవేశపెట్టినది. నేడు లోకమంతట వాడుకలోనున్నది ముఖ్యముగా స్టాండర్డ్ అండ్ పూర్స్, మూడీస్, ఫిచ్ అను మూడు సంస్థల క్రమము. మన దేశమున క్రిసిల్ 1987లోను, ఇక్రా 1991లోను, కేర్ 1993లోను వెలసినవి.

అక్షరముల వరుస యిట్లుండును. ఏఏఏ, ఏఏ, ఏ, బీబీబీ అను నాలుగు తరగతులును మదుపునకు తగినవని యెంచబడును. బీబీ మొదలు క్రిందివన్నియు సాహసముతో కూడినవి. 'డి' యనగా బాకీ చెల్లింపలేకపోయినదని అర్థము. నడుమ ప్లస్, మైనస్ గుర్తులుండును. మూడీస్ వారు ఆ గుర్తులకు బదులు 1, 2, 3 అంకెలు వాడుదురు. బీబీబీ మైనసునకును బీబీ ప్లసునకును నడుమ దూరము ఒక్క మెట్టే. కాని ఆ మెట్టు దిగుట యిల్లు దిగుటవంటిది. భీమా కంపెనీలు, పింఛను నిధులు మొదలగువానిలో అనేకములు తమ నిబంధనల ప్రకారము ఆ మెట్టునకు క్రిందనున్న పత్రములను ఉంచుకొనరాదు.

ఈ శ్రేణి ఒక అభిప్రాయము మాత్రమే, హామీ కాదు. ఇది విద్యార్థులు తరచుగా మరచు విషయము. ఏఏఏ పొందిన పత్రము మునిగినచో రేటింగు సంస్థ దమ్మిడీ యీయదు. మరియొక సంగతి. పూర్వము ఈ సంస్థల పుస్తకములను పెట్టుబడి పెట్టువారు వెలయిచ్చి కొనుచుండిరి. 1970వ దశాబ్దము నుండి అప్పు పుచ్చుకొనువాడే రుసుము చెల్లించు పద్ధతి వచ్చినది. పరీక్షకునికి పరీక్ష వ్రాయువాడే జీతమిచ్చుట వంటిది. ఇది నాకెన్నడును రుచింపని యేర్పాటు. అయినను దీనికి బదులుగా నిలిచిన మేలైన పద్ధతి యింతవరకు కానరాదు. కొనువారు వెలయిచ్చు పద్ధతిలో శ్రేణి ఒకనికి తెలిసి మరొకనికి తెలియకుండును. అదియు న్యాయము కాదు గదా.

ఇక ప్రభుత్వ యాజమాన్యమునగల పొదుపు బ్యాంకునకు శ్రేణి నిచ్చు విధానమునకు వత్తము. ఇది రెండు మెట్లలో జరుగును. మొదట, ప్రభుత్వము లేదనుకొని బ్యాంకును పరీక్షింతురు. దాని మూలధనమెంత, ఇచ్చిన అప్పులలో మొండి బాకీలెన్ని, లాభము నిలకడగలదా, జనులొక్కమారు వచ్చి సొమ్మడిగినచో ఈయగలదా, వ్యాపారమంతయు ఒకేచోట గుమిగూడి యున్నదా అని చూతురు. దీనివలన వచ్చునది స్వంత శ్రేణి. పిదప, కష్టము వచ్చినచో యజమానియైన ప్రభుత్వము ఆదుకొనునా యని విచారించి, ఆదుకొనుననిన నమ్మకమునుబట్టి కొన్ని మెట్లు పైకి చేర్చుదురు. మన పరీక్షల భాషలో చెప్పవలెనన్న, మొదటిది విద్యార్థి స్వయముగా తెచ్చుకొన్న మార్కులు, రెండవది గ్రేసు మార్కులు. బయటికి ప్రకటింపబడునది ఆ రెంటి మొత్తము. చదువరి యెల్లప్పుడు అడుగవలసిన ప్రశ్న, ఇందు గ్రేసు మార్కులెన్ని, అని.

గ్రేసు మార్కు లిచ్చుటలో సంస్థలవారు మూడు సంగతులు చూతురు. ప్రభుత్వమునకు ఆదుకొను శక్తి యున్నదా? ఇచ్ఛ యున్నదా? ఆదుకొనుటకు చట్టము ఒప్పునా? శక్తి లేనివాని ఇచ్ఛ వలన ప్రయోజనము లేదు. అందుచేతనే ప్రభుత్వ బ్యాంకు శ్రేణి సాధారణముగా ప్రభుత్వము శ్రేణిని మించి పోదు. ప్రభుత్వము శ్రేణి పెరిగినపుడు బ్యాంకు శ్రేణియు దానితో పెరుగును. 2025 ఆగస్టులో స్టాండర్డ్ అండ్ పూర్స్ వారు భారతదేశమును బీబీబీ మైనసు నుండి బీబీబీకి హెచ్చించిన వెంటనే మన స్టేట్ బ్యాంకునకును అదే హెచ్చింపు దొరకినది. ఆ దినమున బ్యాంకు లెక్కలలో క్రొత్తగా జరిగిన దేమియు లేదు. మారినది పూచీదారు పరపతి.

ఒకే బ్యాంకు వ్రాసిన పత్రములన్నిటికిని ఒకే శ్రేణి యుండదని కూడ గమనింపవలెను. జర్మనులు ప్ఫాండ్‌బ్రీఫ్ అను పత్రము నొకదానిని 1769 నుండి వాడుచున్నారు. ప్రష్యా రాజైన ఫ్రెడరిక్ కాలమున అది పుట్టినది. అందు పత్రమునకు వెనుక భూముల తాకట్లు ప్రత్యేకముగా విడదీసి యుంచబడును. బ్యాంకు పడిపోయినను ఆ తాకట్లు పత్రము గలవారికే చెందును. కావున బ్యాంకు శ్రేణికంటె ఆ పత్రము శ్రేణి హెచ్చు. దానికి క్రింద సాధారణ పత్రము, దానికిని క్రింద అందరికి చెల్లించిన పిమ్మట మిగిలినచో మాత్రమే చెల్లింపబడు పత్రము. ఈ కడపటి జాతి పత్రమును తెలియక కొన్నవారి గతి మన దేశమునను చూచితిమి. 2020 మార్చిలో యెస్ బ్యాంకు కష్టములోబడినపుడు దాని ఇట్టి పత్రములు 8,415 కోట్ల రూపాయల మేర రద్దు చేయబడినవి. అదే బ్యాంకులో డిపాజిట్లు వేసిన వారి సొమ్ము నిలిచినది. పత్రము వేరు, డిపాజిట్టు వేరు. మన దేశమున బ్యాంకు డిపాజిట్టునకు 2020 ఫిబ్రవరి నుండి ఒక్కొక్కరికి ఒక్కొక్క బ్యాంకులో అయిదు లక్షల రూపాయల వరకు భీమా కలదు. ఋణపత్రమునకు అట్టి భీమా లేదు. తలిదండ్రులు ఈ మాట గుర్తుంచుకొందురుగాక.

ఇక ముఖ్య కథ. జర్మనీదేశమున పొదుపు బ్యాంకులు చాల ప్రాచీనములు. 1778లో హాంబుర్గు నగరమున దాసదాసీలు, కూలివారు, నావికులు మొదలగు చిన్నవారి సొమ్ము దాచుటకై ఒక నిధి యేర్పడినది. 1801లో గ్యోటింగెన్ పట్టణమువారు స్వయముగా పొదుపు బ్యాంకును స్థాపించిరి. పట్టణమే యజమాని, పట్టణమే పూచీదారు. ఇట్టివి జిల్లాజిల్లాకును వ్యాపించినవి. వీనిని ష్పార్కాసె అందురు. నేటికిని అవి మూడువందలకు పైగా నున్నవి. ఒక్కొక్కటి తన ప్రాంతమందే వ్యాపారము చేయవలెను. పొరుగు జిల్లాలో దుకాణము తెరువరాదు. వీని మిగులు సొమ్మును ఒకచోట చేర్చి పెద్ద వ్యవహారములు నడపుటకు రాష్ట్రమునకొకటి, లేక రెండుమూడు రాష్ట్రములకొకటి చొప్పున లాండెస్‌బ్యాంకు లేర్పడినవి. వానికి యజమానులు రాష్ట్ర ప్రభుత్వములును పొదుపు బ్యాంకుల సంఘములును. ఋణపత్రములు వ్రాసి లోకమందంతట అప్పు తెచ్చునవి ముఖ్యముగా ఈ లాండెస్‌బ్యాంకులే.

ఈ బ్యాంకులకు చట్టరీత్యా రెండు ఆధారములుండెను. మొదటిది, యజమానియైన ప్రభుత్వము బ్యాంకును ఎల్లప్పుడు నడువదగిన స్థితిలో ఉంచవలెను. రెండవది, అట్లుంచినను బ్యాంకు బాకీ చెల్లింపలేకపోయినచో ఆ ప్రభుత్వమే ఋణదాతలకు తీర్చవలెను. ఇట్టి పూచీకత్తు గలుగుటచే పెక్కు లాండెస్‌బ్యాంకుల పత్రములకు ఏఏఏ, లేక దాని దరిదాపు శ్రేణి లభించుచుండెను. అది బ్యాంకు తెలివి చూచి యిచ్చినది కాదు. బవేరియా, వెస్ట్‌ఫాలియా మొదలగు రాష్ట్రముల ఖజానాను చూచి యిచ్చినది.

ఇందలి లాభమును అంకెలలో చూడవలెను. నూరు కోట్ల యూరోలు పది సంవత్సరములకు అప్పు తెచ్చు బ్యాంకునకు పూచీకత్తువలన వడ్డీ నూటికి అర చొప్పున తగ్గెననుకొందము. ఏటికి అయిదు పదుల లక్షలు, పదేండ్లకు అయిదు కోట్లు మిగులును. లాండెస్‌బ్యాంకులు తెచ్చిన అప్పు నూరు కోట్లు కాదు, వేలవేల కోట్లు. పూచీకత్తు లేని ప్రైవేటు బ్యాంకులు ఇది చూచి ఊరకుండునా? ప్రభుత్వము ఒక పందెగానిని భుజముపై మోసికొనిపోవుచు తక్కినవారిని పరుగెత్తుమనుచున్నదని వారి మొర. 1999 డిసెంబరులో యూరపు బ్యాంకుల సమాఖ్య వారు యూరోపియను కమిషనునకు ఫిర్యాదు చేసిరి. అపుడు పోటీ వ్యవహారముల కమిషనరు ఇటలీ దేశస్థుడైన మారియో మోంటీ. పెక్కు వాదోపవాదముల పిమ్మట 2001 జులై 17న ఒడంబడిక కుదిరినది.

ఆ ఒడంబడిక షరతులు జాగ్రత్తగా చదువదగినవి. 2001 జులై 18కి పూర్వపు అప్పులన్నిటికిని గడువు తీరువరకు పూచీకత్తు నిలుచును. ఆ దినము మొదలు 2005 జులై 18 వరకు తెచ్చిన అప్పులకు, వాని గడువు 2015 డిసెంబరు 31 లోపల తీరునట్లయినచో మాత్రమే పూచీకత్తు వర్తించును. 2005 జులై 18 తరువాత తెచ్చిన అప్పునకు పూచీకత్తు బొత్తిగా లేదు. కావున 2005 తరువాత కొంతకాలము విచిత్రమైన స్థితి యేర్పడినది. అదే బ్యాంకు, అదే ముద్ర, అదే సంతకము. పాత పత్రమునకు ఒక శ్రేణి, క్రొత్త పత్రమునకు పలు మెట్లు క్రిందుగా 'ఏ' తరగతి శ్రేణి. గ్రేసు మార్కులు తీసివేసి స్వంత మార్కులు చూపినట్లయినది. 'ఏ' తరగతికైనను నిలిచినది పూర్తిగా స్వంత బలముచే కాదు. యజమానులు ఇంకను రాష్ట్ర ప్రభుత్వములే, పైగా పొదుపు బ్యాంకులు ఒకదానికొకటి ఆపదలో తోడ్పడు పరస్పర రక్షణ నిధి కలదు.

ఒడంబడిక వ్రాసినవారు ఊహింపని ఫలిత మొకటి ఇందుండి పుట్టెను. నాలుగేండ్ల గడువు ఇచ్చుటచే, పూచీకత్తుతో చౌకవడ్డీకి అప్పు తెచ్చు అవకాశము త్వరలో పోవుచున్నదని బ్యాంకులకు తెలిసినది. కొట్టు మూయబోవుచున్నాడని తెలిసినపుడు ఊరివారందరు సరుకు తెచ్చి యింట నింపుకొన్నట్లు, లాండెస్‌బ్యాంకులు 2005 లోపల విస్తారముగా అప్పు తెచ్చుకొన్నవి. అంత సొమ్మును పెట్టుటకు స్వదేశమున తగిన వ్యాపారము లేదు. కావున పెక్కు బ్యాంకులు దానిని విదేశములందు, అందులోను అమెరికాలో యిండ్ల తాకట్లను మూటలు కట్టి చేసిన పత్రములందు పెట్టెను. ఆ పత్రములలో అధికభాగమునకు అవే రేటింగు సంస్థలు ఏఏఏ ఇచ్చి యుండెను. పూచీకత్తువలన ఏఏఏ అయిన సొమ్ముతో, లెక్కల కూర్పువలన ఏఏఏ అయిన పత్రములు కొనబడినవి. రెండింటి వెనుకను ఋణగ్రస్తుని యోగ్యతను చూచిన కన్ను ఎంతయో కొద్ది.

2007లో అమెరికా యిండ్ల వెలలు పడిపోయినవి. మొదట తగిలినది సాక్సనీ రాష్ట్రపు లాండెస్‌బ్యాంకునకు. దాని వ్యవహారములు డబ్లిన్ నగరమునుండి నడుపబడుచుండెను. ఆగస్టు నెలలో పొదుపు బ్యాంకుల కూటమి 1,730 కోట్ల యూరోల అప్పు సదుపాయము కల్పించి దానిని నిలువబెట్టవలసి వచ్చెను. పిమ్మట అది ష్టుట్‌గార్ట్ నగరపు లాండెస్‌బ్యాంకున కలిసిపోయినది. సాక్సనీ రాష్ట్రము 275 కోట్ల యూరోల నష్టమునకు పూచీపడవలసి వచ్చి, 2008లో ఆ రాష్ట్ర ముఖ్యమంత్రి పదవిని వీడెను. అదే సంవత్సరము బవేరియా ప్రభుత్వము తన బ్యాంకులో వెయ్యి కోట్ల యూరోలు పోసినది. ఒకప్పుడు అన్నిటికంటె గర్వముతో నుండిన వెస్ట్ఎల్‌బి 2012 జూన్ 30న బ్యాంకుగా అంతరించినది. హాంబుర్గు, ష్లెస్విగ్ హోల్ష్టైన్ రాష్ట్రముల బ్యాంకు 2018లో ప్రైవేటువారికి అమ్మబడి పేరు మార్చుకొన్నది. ఇందు ఒక సంగతి చెప్పకుండుట న్యాయము కాదు. ఊరూరనున్న చిన్న ష్పార్కాసెలు ఈ తుపానులో చాలవరకు చలింపలేదు. తమ జిల్లావారికే అప్పులిచ్చుచు, అప్పు పుచ్చుకొన్నవానిని బజారులో చూచుచు నుండుటయే అందులకు ముఖ్యకారణమని నా యభిప్రాయము. కాని తమ సంఘములద్వారా లాండెస్‌బ్యాంకులలో వారు పెట్టిన వాటా మాత్రము నష్టపోయినది.

పూచీకత్తు తొలగినపుడు జరిగిన కథ ఇది. పూచీకత్తు నిలిచియుండియు ఆదుకొనలేకపోయిన కథ పొరుగుననే ఆస్ట్రియాదేశమున జరిగెను. కారింథియా యను చిన్న రాష్ట్రమున జనసంఖ్య అయిదున్నర లక్షలు మాత్రమే, అనగా మన తాలూకాలు కొన్నిటిని కలిపినంత. ఆ రాష్ట్రమువారు తమ ప్రాంతీయ బ్యాంకైన హైపో ఆల్పే ఆడ్రియా పత్రములకు పూచీపడిరి. బ్యాంకు సరిహద్దులు దాటి బాల్కను దేశములందు అప్పులిచ్చుచు పెరిగినది. దానితోపాటు పూచీయు పెరిగినది. 2006 నాటికి ఆ పూచీ 2,400 కోట్ల యూరోలకు మించెను. రాష్ట్రము ఏటి ఆదాయము సుమారు రెండువందల కోట్లు. పదియెకరముల రైతు నూరెకరముల జమీందారుకు పూచీపడినట్లున్నది. చట్టము చూచినచో పూచీకత్తు నిర్దోషము. ఖజానా చూచినచో ఖాళీ.

2007లో ఈ బ్యాంకును కొన్నది యెవరో తెలియునా? పైన చెప్పిన బవేరియా లాండెస్‌బ్యాంకే. 2009 డిసెంబరులో బ్యాంకు మునుగబోగా ఆస్ట్రియా ప్రభుత్వము దానిని స్వాధీనము చేసికొనెను. 2014లో పార్లమెంటు ఒక చట్టముచేసి కొన్ని కడపటి తరగతి పత్రములను, రాష్ట్రపు పూచీతోకూడ, రద్దు చేయబూనినది. 2015లో రాజ్యాంగ న్యాయస్థానము ఆ చట్టమును కొట్టివేసినది. పూచీ యొకసారి పడినపిమ్మట తప్పుకొనుటకు శాసనసభకైనను సాధ్యము కాదని ఋణదాతలకు ధైర్యము కలిగెను. అయినను సొమ్ము ఎక్కడనుండి వచ్చును? 2015 మార్చి 1న చెల్లింపులు నిలుపుచేయబడినవి. సుమారు 1,100 కోట్ల యూరోల పూచీగల పత్రములు చిక్కుకొన్నవి. 2016 మార్చిలో నూటికి 75 చొప్పున ఇచ్చెదమనగా ఋణదాతలు ఒప్పుకొనలేదు. ఆ శరదృతువులో నూటికి సుమారు 90 చొప్పున రాజీ కుదిరెను. ఆ సొమ్మును కూడ కారింథియా రాష్ట్రము ఒంటరిగా ఈయలేక కేంద్ర ప్రభుత్వము సహాయముతో ఇచ్చినది.

ఐస్‌లాండు కథ ఇంకను చిన్నది. అచటి లాండ్స్‌బాంకి 1886లో తెరువబడిన ప్రభుత్వ బ్యాంకు. 2003 నాటికి ప్రైవేటుపరమైనది. 2007 ఫిబ్రవరిలో మూడీస్ వారు, ప్రభుత్వము తప్పక ఆదుకొనునను తలంపుతో, ఆ దేశపు మూడు పెద్ద బ్యాంకులకు అత్యున్నత శ్రేణి నిచ్చిరి. ఈ నిర్ణయమును అనేకులు పరిహసింపగా ఏప్రిలులో దానిని తగ్గించిరి. 2008 అక్టోబరులో మూడు బ్యాంకులును కూలినవి. అవి మూడును కలిసి దేశపు వార్షికోత్పత్తికి సుమారు పదిరెట్లుండెను. పడవకంటె లంగరు చిన్నదైనచో అది యెట్లు నిలుపగలదు?

ఇట్టివి జరిగిన పిమ్మట యూరపుదేశములు 2014లో ఒక క్రొత్త శాసనము చేసినవి. బ్యాంకు పడిపోవునపుడు ప్రజల పన్నుల సొమ్ము తెచ్చి పోయుటకు ముందు, పత్రములు కొన్నవారే నష్టములో పాలు పొందవలెనని దాని సారము. 2016 జనవరి నుండి అది పూర్తిగా అమలులోనికి వచ్చెను. దానినిబట్టి రేటింగు సంస్థలు అనేక బ్యాంకులకు గ్రేసు మార్కులు తగ్గించివేసినవి. శక్తి, ఇచ్ఛ, చట్టము అని నేను పైన చెప్పిన మూడింటిలో చట్టము ఎందులకో ఇపుడు విద్యార్థులకు బోధపడి యుండును.

మన తెలుగుదేశపు ఉదాహరణ మొకటి చెప్పవలెను. ఇది బ్యాంకు సంగతి కాదు, అయినను పూచీకత్తు సంగతియే. 2018 ఫిబ్రవరిలో హైదరాబాదు మహానగరపాలకసంస్థ 200 కోట్ల రూపాయల ఋణపత్రములు 8.90 శాతము వడ్డీకి విక్రయించెను. దానికి ఆధారము ఆస్తిపన్ను మొదలగు దాని స్వంత రాబడి. అదే సంవత్సరము ఆగస్టులో అమరావతి నిర్మాణమునకై ఆంధ్రప్రదేశ్ రాజధాని ప్రాంతాభివృద్ధి సంస్థ 2,000 కోట్ల రూపాయలు 10.32 శాతము వడ్డీకి తెచ్చెను. ఈ రెండవదానికి రాష్ట్ర ప్రభుత్వము పూచీకత్తు కలదు. పూచీగల అప్పునకే వడ్డీ హెచ్చు! మొత్తము పదింతలు పెద్దది, ఆ నడిమి నెలలలో బజారు వడ్డీలును కొంత పెరిగినవి, కావున ఈ రెంటిని సరిగా తూచి పోల్చుట కూడదు. కాని పన్నులు వసూలగుచున్న పాతనగరమునకును, ఇంకను కట్టవలసియున్న క్రొత్తనగరమునకును గల భేదమును పూచీకత్తు పూర్తిగా మాపలేదని మాత్రము చెప్పవచ్చును.

పై తరగతుల విద్యార్థులు ఈ లెక్కను చేసి గణితోపాధ్యాయులకు చూపవలెను. వెయ్యి యూరోల పత్రములు రెండు రకములు కలవు. పూచీగలదానికి ఏటికి మూడున్నర శాతము, పూచీలేనిదానికి నాలుగు శాతము సాధారణ వడ్డీ. గడువు పదేండ్లు. పూచీలేని పత్రములు నూరు కొన్నవానికి, పూచీగలవి నూరు కొన్నవానికంటె పదేండ్లలో ఎంత వడ్డీ హెచ్చుగా వచ్చును? పదేండ్ల వడ్డీ చెల్లించిన పిమ్మట ఆ నూటిలో కొన్ని పత్రముల అసలు పూర్తిగా మునిగినదనుకొనుడు. ఎన్ని మునిగినచో ఆ హెచ్చు వడ్డీ యంతయు పోవును? మునిగిన పత్రమునకు సగము అసలు తిరిగి వచ్చినచో ఎన్ని? కారింథియా పత్రములవలె నూటికి 90 తిరిగి వచ్చినచో ఎన్ని? మూడు సమాధానములును వ్రాసి, అవి యేల అంత భేదముగా నున్నవో రెండు వాక్యములలో వివరింపుడు.